గేటు తీశాక లోపలికొచ్చిందెవరు, బయటికెళ్లిందెవరు

తూర్పు తైమూర్ 2025 అక్టోబరు 26న ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పదకొండో దేశంగా చేరిందని ఈమధ్య ఏదో ప్రశ్నకి జవాబిస్తూ ఒక్క వాక్యం రాశాను, అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ మొదలయ్యాయి. ఒక దేశం చుట్టుపక్కల దేశాల కూటమిలో చేరితే అక్కడి మామూలు మనిషికి ఏమొస్తుందని దాదాపు అందరి ప్రశ్నా. తైమూర్ నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడలు, ఆమె గురించి ఇప్పుడే తీర్పు చెప్పలేం. అందుకని ఇరవై ఏళ్లు దాటిన కాపురాలున్న యూరోపియన్ యూనియన్ (ఈయూ)కి వెళ్దాం, అక్కడైతే ఎవరికి ఎంత ఒరిగిందో చాలామటుకు తేలిపోయింది. ఈ వారం ప్రశ్నలన్నీ మన విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చినవే తీసుకున్నాను.

మాస్టారూ, మా అబ్బాయి వార్సాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా "ఒకప్పుడు ఇక్కడ మాంసానికి కూడా రేషన్ కార్డు ఉండేదంటమ్మా, ఇప్పుడు మెట్రో చూడు" అంటాడు. నిజంగా ఆ ఈయూలో చేరబట్టే పోలండ్ బాగుపడిందా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

అమ్మా, రేషన్ మాట నిజమే, 1980లలో ఉండేది. మెట్రో మాటా నిజమే, కాకపోతే మొదటి లైను 1995లోనే నడిచింది, అంటే ఈయూలో చేరడానికి తొమ్మిదేళ్ల ముందే. రెండో లైను 2015లో వచ్చింది, దానికి ఈయూ డబ్బు బాగా పడింది. మీ ప్రశ్నకి జవాబు ఈ రెండు లైన్లలోనే ఉంది, కొంత వాళ్లు ముందే మొదలుపెట్టుకున్నారు, మిగతాది చేరాక ఊపందుకుంది. (మన మెట్రో ఎప్పుడని మాత్రం అడక్కండి, అది ఎకనామిక్స్ మాస్టారు చెప్పగలిగేది కాదు.)

పోలండ్ 2004 మే 1న ఇంకో తొమ్మిది దేశాలతో కలిసి చేరింది. ధరల తేడా సర్దుకుని చూస్తే అప్పటికి వాళ్ల తలసరి ఆదాయం ఈయూ సగటులో సుమారు సగం, ఇప్పుడు 80 శాతం దరిదాపుల్లో ఉంది. నిరుద్యోగం అప్పట్లో 20 శాతం దగ్గర ఉండేది, ఇప్పుడు 3 శాతం చుట్టూ తిరుగుతోంది. 2009లో ఈయూలో అందరి ఆర్థిక వ్యవస్థా కుంగిపోతే పెరిగింది పోలండ్ ఒక్కటే.

ఇదంతా ఈయూ కేంద్ర కార్యాలయాలున్న బ్రసెల్స్ పంపిన గ్రాంట్ల మహిమ అని చాలామంది అంటారు. గ్రాంట్లు వచ్చిన మాట వాస్తవం, అందరికంటే ఎక్కువ తీసుకున్నది పోలండే, రోడ్లు, మురుగు కాలవలు, రైల్వే స్టేషన్లు వాటితోనే బాగుపడ్డాయి. కానీ నన్నడిగితే అది రెండో కారణం. మొదటిది గేటు తియ్యడం. ఇక్కడ మనకి తెలిసిన కియానే చూడండి. ఆ కంపెనీ 2019లో మన పెనుకొండలో కార్లు మొదలుపెట్టకముందే, 2006 డిసెంబరులో స్లొవేకియాలో జిలినా అనే ఊళ్లో కార్ల తయారీ మొదలుపెట్టింది. పెనుకొండకి వచ్చింది పెనుకొండ వాళ్లకి కార్లు అమ్ముకోవడానికి కాదు కదా, దేశమంతా అమ్ముకోవడానికి. జిలినాలో కూడా అదే లెక్క, అక్కడ తయారైన కారుకి పారిస్ దాకా, రోమ్ దాకా ఎక్కడా కస్టమ్స్ లేదు, ఆపి కాగితాలు అడిగేవాడు లేడు, జీతాలు మాత్రం జర్మనీ కంటే చాలా తక్కువ. స్లొవేకియా, పోలండ్, చెక్, హంగరీ, ఈ నాలుగూ జర్మనీ ఫ్యాక్టరీలకి పెరటి షెడ్లలాగా తయారయ్యాయి. పెరటి షెడ్డు అంటే చిన్నచూపుగా అనిపించొచ్చు గానీ, ఇరవై శాతం మంది పనిలేక కూర్చున్న చోట అది తక్కువేం కాదు.

ఇంకోటి ఎవరూ పెద్దగా చెప్పరు. ఈయూలో చేరాలంటే 1993లో కోపెన్‌హాగన్‌లో పెట్టుకున్న షరతులున్నాయి, కోర్టులు సరిగ్గా ఉండాలి, మార్కెట్ పనిచేస్తుండాలి, ఈయూ చట్టాలన్నీ అమలు చేసే సత్తా ఉండాలి. పోలండ్ 1994లో దరఖాస్తు పెట్టింది, పదేళ్లు పట్టింది. పెళ్లిచూపులకి ముందు ఇల్లంతా సున్నం కొట్టించినట్టు, ఆ పదేళ్లలో బ్యాంకులూ చట్టాలూ శుభ్రం చేసుకున్నారు. పెళ్లి ఆగిపోయినా సున్నం కొట్టిన ఇల్లు మనదే కదా, ఆ లాభం ఎక్కడికీ పోదు.

అయితే "పోలండ్ బాగుపడింది" అనే వాక్యంలో పోలండ్ అంటే ఎవరు? అది కింది ఉత్తరంలో చూడండి.

స్టీల్‌ప్లాంట్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మన ప్లాంటుకి కేంద్రం 11,440 కోట్లు ప్యాకేజీ ఇచ్చింది కదా, ఈయూ దేశాల్లో అలాంటిది కుదురుతుందా? లేక నష్టమొస్తే అమ్మేయడమేనా?
— ఒక పాఠకుడు, గాజువాక

అన్నగారూ, ముందో సంగతి, ఈ యూనియన్ పుట్టిందే మీ సరుకు పేరు మీద. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి పారిస్‌లో సంతకం పెట్టిన మొదటి ఒప్పందం బొగ్గు, ఉక్కు మీదే. ఫిరంగులు తయారయ్యేది ఉక్కుతో కాబట్టి ఉక్కుని ఉమ్మడి చేస్తే ఒకళ్ల మీదొకళ్లు యుద్ధానికి పోలేరని వాళ్ల ఆలోచన.

ఇప్పుడు మీ ప్రశ్న. 2025 జనవరిలో మన ప్లాంటుకి వచ్చినటువంటి ప్యాకేజీ ఒక ఈయూ దేశం తన సొంత డబ్బుతో ఇచ్చుకోవాలన్నా బ్రసెల్స్‌లో ఈయూ పాలన చూసే యూరోపియన్ కమిషన్ అనుమతి కావాలి. కష్టాల్లో ఉన్న కంపెనీలని ఆదుకునే రూల్స్ కొన్ని ఉన్నాయి, కానీ వాటిలోంచి ఉక్కు రంగాన్ని ప్రత్యేకంగా తీసి పక్కన పెట్టేశారు, అంటే ఉక్కుకి ఆ సాయం కూడా కుదరదు. ఇటలీ తన ఇల్వా ఉక్కు కంపెనీకి ఇచ్చిన సాయంలో కొంత అక్రమమని 2017లో తేల్చి, వెనక్కి వసూలు చెయ్యమన్నారు.

దీనికన్నా మనకి బాగా అర్థమయ్యేది పోలండ్ షిప్‌యార్డుల కథ. గ్డినియా, ష్చెచిన్ అని రెండు సముద్రపు ఊళ్లు, మన గాంధీగ్రామ్ పక్కన హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఎలాగో అక్కడ ఆ యార్డులు అలాగ, తాత, తండ్రి, కొడుకు అందరూ అందులోనే. నష్టాలొస్తే వార్సా ప్రభుత్వం ఏళ్ల తరబడి డబ్బు పోసింది. చేరిన నాలుగేళ్లకి, 2008 నవంబరులో, ఆ సాయం అక్రమమని కమిషన్ తేల్చి వెనక్కి కట్టమంది. కట్టడానికి యార్డుల దగ్గర ఏముంది? 2009లో రెండూ మూతపడ్డాయి, క్రేన్లూ షెడ్లూ ముక్కలు ముక్కలుగా అమ్మారు, వేలమంది ఇళ్లకి పోయారు. పక్కనే గ్డాన్స్క్ యార్డు, 1980లో సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టి కమ్యూనిస్టు ప్రభుత్వాన్నే కదిలించిన యార్డు, అది కూడా ఉత్పత్తి తగ్గించుకుంటామని ఒప్పుకుని బయటపడింది. పోలండ్‌లో అంతకుముందు ఏ ఇంట్లో ఉద్యోగం లేదో ఆ ఇంటి కుర్రాడికి కొత్త ఫ్యాక్టరీలో పని దొరికింది, నిజమే. కానీ యాభై ఏళ్ల వెల్డర్‌కి కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పని ఎవరిస్తారు? సగటు పెరిగింది. ఆ వెల్డర్ సగటులో లేడు.

రూల్ ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఎవడి ఫ్యాక్టరీకి వాడు డబ్బు పోసుకుంటూ పోతే చివరికి జేబు బరువున్నవాడే గెలుస్తాడు, అంటే జర్మనీ. చిన్న దేశాన్ని కాపాడే రూలే అది. కాగితం మీద అంతా బాగానే ఉంది, కానీ కాలుష్యం తగ్గించే కొత్త కొలిమిలకైతే సాయం చెయ్యొచ్చని వెసులుబాటు ఉంది, దాని కింద 2023లో జర్మనీ తన థిస్సెన్‌క్రుప్ కంపెనీకి సుమారు 200 కోట్ల యూరోలు ఇవ్వడానికి కమిషన్ ఒప్పుకుంది. రూలు అందరికీ ఒకటే, అన్నగారూ, అంత డబ్బు తీసి పెట్టగలిగిన ఖజానాలే ఒకటి కాదు. ఇక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

మన ప్లాంటుకీ దీనికీ సంబంధం లేకపోలేదు. 2026 జనవరి 1 నుంచి ఈయూలోకి వచ్చే ఉక్కుకి దాని తయారీలో ఎంత కార్బన్ వదిలారో లెక్కగట్టి రుసుము వేసే విధానం పూర్తిగా అమల్లోకి వచ్చింది. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కు అక్కడికి పంపాలంటే ఇక ఆ ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలి.

కొత్తగా చేరిన దేశంలో ధరలు తగ్గుతాయా, పెరుగుతాయా? ఒక్క మాటలో చెప్పండి.
— బెల్లం వ్యాపారి, అనకాపల్లి

ఒక్క మాటలో చెప్పాలంటే రెండూ. మీ వ్యాపారానికి దగ్గరి ఉదాహరణ ఒకటుంది. ఎస్టోనియా అని బుజ్జి దేశం, చేరకముందు దిగుమతుల మీద దాదాపు సుంకాలే లేకుండా నడిపింది, ప్రపంచంలో ఎక్కడ పంచదార చవకైతే అక్కడ కొనుక్కునేవాళ్లు. చేరాక ఈయూ సుంకాల గోడలన్నీ తన చుట్టూ కూడా కట్టుకోవాలి, ఈయూలో అప్పట్లో పంచదార ధర ప్రపంచ ధర కంటే బాగా ఎక్కువ. ఈ సంగతి ముందే తెలిసి జనం, వ్యాపారులు 2003, 2004లలో బస్తాలు బస్తాలు కొని దాచారు. మనకి ఎండాకాలం ఆవకాయ ఎలాగో వాళ్లకి పళ్ల జామ్ అలాగ, పంచదార లేకపోతే ఇల్లు నడవదు. చేరాక, మీ దగ్గర అవసరానికి మించి నిల్వలున్నాయని ఈయూ ఆ దేశం మీద పెద్ద జరిమానా వేసింది! జనం తమ వంటింటి అలమరాల్లో దాచుకున్నదానికి దేశం ఫైన్ కట్టింది. అదే ఎస్టోనియాలో విమాన టికెట్లు తగ్గాయి, 2017 నుంచి 27 దేశాల్లో ఎక్కడ తిరిగినా ఫోన్‌కి రోమింగ్ అదనపు చార్జీ లేదు. కాబట్టి మీరు పంచదార ఎక్కువ తింటారా, ఫోన్ ఎక్కువ మాట్లాడతారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఏటి మాస్టారూ, బోర్డర్లు ఎత్తేస్తే ఊళ్లు ఖాళీ అయిపోవేటి? మాది శ్రీకాకుళం జిల్లా, మా ఊళ్లో మగపిల్లలు సగంమంది గుజరాత్ వెరావల్ పడవల మీదే ఉన్నారు.
— ఒక పాఠకుడు, కంచరపాలెం

అయిపోయాయి బాబూ. లాత్వియాలో 2004లో సుమారు 23 లక్షల మంది ఉండేవాళ్లు, ఇప్పుడు 19 లక్షల లోపే. లిథువేనియా, బల్గేరియా కూడా అదే దారి. పుట్టుకలు తగ్గడం కూడా కారణమే గానీ, వలస దెబ్బ పెద్దది. 2004లో బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మొదటిరోజు నుంచే తలుపులు తీశాయి, జర్మనీ మాత్రం 2011 దాకా ఆగింది. ఏడాదికి నికరంగా 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని బ్రిటన్ ప్రభుత్వం వేయించిన అంచనా చెప్పింది, వచ్చింది లక్షల్లో. 2011 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండ్‌లో ఇంగ్లీషు తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష పోలిష్ అయి కూర్చుంది.

పోయినవాళ్లకి లాభం, డబ్బందుకున్న ఇంటికి లాభం, మిగిలిపోయిన కుర్రాడికి కూడా మనుషులు దొరక్క జీతం పెరిగింది. నష్టపోయింది ముసలివాళ్లు, బళ్లో పిల్లల్లేక మూతపడ్డ ఊళ్లు, డాక్టర్లు వెళ్లిపోయిన ఆసుపత్రులు. రుమేనియాలో డాక్టర్లని ఆపడానికి 2018లో ప్రభుత్వ జీతాలు ఒక్కసారిగా పెంచాల్సి వచ్చింది. తల్లిదండ్రులు పనికోసం విదేశాలకి పోతే అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలకి పోలండ్‌లో ఒక మాటే పుట్టింది, "యూరో అనాథలు" అని. మీ ఊరి వాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను సార్. ఫ్రీ ట్రేడ్ ఏరియా, కస్టమ్స్ యూనియన్, కామన్ మార్కెట్, వీటి మధ్య తేడా ఎన్నిసార్లు చదివినా మర్చిపోతున్నాను.
— ఒక అభ్యర్థి, ద్వారకానగర్ హాస్టల్ నుంచి

ఇచ్ఛాపురం చెక్‌పోస్టు గుర్తుపెట్టుకో, మర్చిపోవు. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది, అంతకుముందు ఒడిశా నుంచి వచ్చే లారీలు అక్కడ పన్ను కాగితాల కోసం బారులు తీరేవి. రెండు ఇళ్ల మధ్య గోడ తీసేసి, ఎవరి వీధి గేటుకి వాళ్లే తాళం వేసుకుంటే ఫ్రీ ట్రేడ్ ఏరియా. వీధి గేటు కూడా ఒకటే చేసి, బయటనుంచి వచ్చేవాడికి ఇద్దరూ ఒకే రేటు సుంకం పెడితే కస్టమ్స్ యూనియన్, తుర్కియే 1996 నుంచి పారిశ్రామిక సరుకుల వరకు ఈయూతో ఇలాగే ఉంది, సభ్యత్వం మాత్రం 1987లో దరఖాస్తు పెట్టినా ఇప్పటికీ రాలేదు. సరుకుతోపాటు మనుషులు, డబ్బు, సేవలు కూడా తిరగనిస్తే కామన్ మార్కెట్. నిజాం రాజ్యానికి కరోడ్‌గిరీ అని సొంత కస్టమ్స్ శాఖ, హాలీ సిక్కా అని సొంత నాణెం ఉండేవి, భారత యూనియన్‌లో కలిశాక అవి రెండూ పోయాయి కదా, ఆ దారిలో ఎంతదూరం నడిచారన్నదే ఈ పేర్లన్నీ. డెఫినిషన్ బట్టీ పెట్టకు, లారీ డ్రైవర్‌లా ఆలోచించు.

మాది రొయ్యల వ్యాపారం. ఈయూలో ఇంకో దేశం చేరితే మనకేం నష్టం, మనకేం లాభం? అమెరికా దెబ్బ తగిలాక అందరం అటే చూస్తున్నాం.
— ఒక ఎగుమతిదారు, భీమిలి

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు గట్ల మీద ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు, 100 కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) రేటు అడగడానికి కూడా రైతులు భయపడ్డారు.

ఇక్కడ ఎకనామిక్స్‌లో ఒక పాత పాఠం ఉంది. జేకబ్ వైనర్ అని ఒక ఆయన 1950లోనే చెప్పాడు, కూటమి కడితే రెండు జరుగుతాయి, ఒకటి లోపల కొత్త వ్యాపారం పుట్టడం, రెండోది బయట చవగ్గా ఇచ్చేవాడి దగ్గర మానేసి లోపల ఖరీదుగా ఇచ్చేవాడి దగ్గర కొనడం. రెండోది తగిలిన వాళ్లలో న్యూజిలాండ్ రైతులకి ఎప్పటికీ గుర్తుండేది 1973. దశాబ్దాలుగా వాళ్ల వెన్న, గొర్రెమాంసం బ్రిటన్‌కే పోయేవి, బ్రిటన్ ఆ ఏడాది కూటమిలో చేరింది, ఫ్రాన్స్, డెన్మార్క్, ఐర్లండ్ వెన్నకి సుంకం లేదు, వీళ్లదానికి కోటాలు. న్యూజిలాండ్ అల్లరి పెట్టి కొన్నేళ్లు ప్రత్యేక కోటా తెచ్చుకుంది గానీ కొత్త మార్కెట్లు వెతుక్కోక తప్పలేదు.

మన రొయ్యకి ఈయూ లోపల పోటీ పెద్దగా లేదు, మనం పెంచే వెనామీ రకం యూరప్ చెరువుల్లో పెరగదు. పోటీ అంతా ఈయూతో ముందే ఒప్పందం చేసుకున్న వాళ్లతో. ఈక్వెడార్‌కి 2017 నుంచి, వియత్నాంకి 2020 ఆగస్టు నుంచి ఒప్పందాలున్నాయి. సుంకంలో కొద్ది శాతాల తేడా వచ్చినా కంటైనర్ మీద అది మీ లాభం అంతా అయిపోతుంది.

కొత్త దేశం చేరితే మనకి లాభమే ఎక్కువ, ఎందుకంటే పోలండ్ కోసం ఒక రూలు, రుమేనియా కోసం ఇంకో రూలు చూసుకోనక్కర్లేదు, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఒకసారి పాసైన సరుకు 27 దేశాల్లో ఎక్కడికైనా పోతుంది. కానీ దానికి తిరగేసిన ముఖం కూడా ఉంది, ఒక రేవులో యాంటీబయాటిక్ అవశేషం దొరికితే ఆ హెచ్చరిక అన్ని దేశాలకీ ఒకేసారి వెళ్తుంది. 2016లో మన చెరువు రొయ్యల్లో పరీక్షించాల్సిన శాంపిళ్లని ఈయూ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది, సగం కంటైనర్లు ఆగి టెస్టులయ్యేదాకా కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టుకోవడం, కొనేవాడికి డెలివరీ తేదీ చెప్పలేకపోవడం, ఇదంతా మన వాళ్లు అనుభవించిందే. ఎవరో ఒక హేచరీ దగ్గర, ఒక చెరువు దగ్గర వాడిన మందుకి కోస్తా మొత్తం టెన్షన్ పడింది. కాబట్టి సుంకం గురించి ఢిల్లీని అడగండి, మందుల గురించి మాత్రం మీకు సరుకిచ్చే రైతునే అడగండి.

గ్రీస్ కూడా చేరింది కదా, అది ఎందుకు మునిగింది?
— ఒక బ్యాంకు ఉద్యోగిని, ఎంవీపీ కాలనీ

గ్రీస్ చేరింది 1981లో, మునగడం మొదలైంది 2009 చివర. అది కూటమిలో చేరడం వల్ల కన్నా 2001లో యూరో తీసుకోవడం వల్ల జరిగింది, ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు జనం. యూరో రాగానే గ్రీస్‌కి దాదాపు జర్మనీకి ఇచ్చే వడ్డీకే అప్పులు దొరికాయి, తీసుకున్నారు, బడ్జెట్ లోటు లెక్కలు తప్పు చూపించారు, 2009 అక్టోబరులో కొత్త ప్రభుత్వం వచ్చి అసలు అంకె బయటపెట్టేసరికి అప్పిచ్చేవాడు మాయం. సొంత కరెన్సీ ఉంటే దాని విలువ తగ్గించుకుని సరుకు చవగ్గా అమ్ముకుని కొంత తేరుకునేవాళ్లు. అది లేదు కాబట్టి జీతాలు, పెన్షన్లు కోశారు. ఆర్థిక వ్యవస్థ సుమారు నాలుగో వంతు కుంచించుకుపోయింది, 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. 2015 జూన్ చివర బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకి 60 యూరోలే అన్నారు. మేడమ్, 2016 నవంబరులో మీ కౌంటర్ ముందున్న క్యూ గుర్తుందా, అలాంటిదే.

మరి మన ఆంధ్రప్రదేశ్‌కి కూడా సొంత కరెన్సీ లేదు కదా, రూపాయి విలువ అమరావతిలో తగ్గించలేరు కదా అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. తేడా ఏమిటంటే మనకి ఫైనాన్స్ కమిషన్ ఉంది, పదిహేనో కమిషన్ 2021-26కి కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి పంచమంది, అందులో మన వాటా 4.047 శాతంగా ఉండేది. తక్కువ అని మనం రోజూ పోట్లాడతాం, పోట్లాడాలి, కానీ పంచుకోవడానికి పెద్ద గిన్నె అంటూ ఒకటుంది. ఈయూ బడ్జెట్ మొత్తం కలిపినా ఆ దేశాల ఆదాయంలో ఒక్క శాతం చుట్టూ ఉంటుంది. కరెన్సీ ఒక్కటి చేసుకున్నారు గానీ వంటిల్లు వేరుగానే ఉంచుకున్నారు. పోలండ్ ఇప్పటికీ యూరో జోలికి పోకుండా జ్లోటీనే వాడుతోంది, తెలివైన పనే అనుకుంటాను.

బ్రిటన్ బయటికొచ్చి ఏం బావుకుంది సార్?
— ఒక విద్యార్థి, మధురవాడ

2016 జూన్ 23న ఓటింగ్, 51.9 శాతం బయటికే అన్నారు, 2020 జనవరి 31న బయటపడ్డారు. ఈయూలో ఉండి ఉంటే ఎంత ఉండేదో దానితో పోలిస్తే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుందని అక్కడి ప్రభుత్వ బడ్జెట్ పరిశీలన సంస్థ లెక్క. యూరప్ వాళ్లు రావడం తగ్గింది, వలసలే ఆగిపోతాయని ఓటేసినవాళ్లకి మాత్రం నిరాశ, ఎందుకంటే ఆ ఖాళీలోకి మనవాళ్లే ఎక్కువమంది వెళ్లారు, 2021లో చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే వీసా కూడా తెచ్చారు. మీ సీనియర్లలో సగంమంది లీసెస్టర్లోనో కోవెంట్రీలోనో ఉన్నారంటే దానికి బ్రెగ్జిట్ కూడా ఒక చెయ్యి వేసింది.

ఉక్రెయిన్‌ని చేర్చుకోవడానికి పోలండ్ రైతులే అడ్డుపడుతున్నారట, వాళ్లూ అలా చేరినవాళ్లే కదా?
— ఒక పాఠకుడు, దువ్వాడ

దువ్వాడ వాళ్లకి జనరల్ బోగీ సంగతి నేను చెప్పాలా? దువ్వాడలో తోసుకుని ఎక్కినవాడే అనకాపల్లి రాగానే తలుపు దగ్గర నిలబడి "లోపల ఖాళీ లేదు, వెనక పెట్టెకి పొండి" అంటాడు. 2004లో కొత్త దేశాల రైతులకి పాత దేశాల వాళ్లకిచ్చే నేరుగా డబ్బు సాయంలో 25 శాతమే ఇచ్చి, ఏటా కొంత పెంచుకుంటూ తెచ్చారు, అప్పుడు అన్యాయం అని అరిచింది పోలండే. ఇప్పుడు ఉక్రెయిన్‌కి ఈయూలో ఏ దేశానికీ లేనంత సాగుభూమి ఉంది. యుద్ధం వల్ల నల్లసముద్రం దారి మూసుకుపోయి వాళ్ల గోధుమ, మొక్కజొన్న పోలండ్ మీదుగా రావడం మొదలయ్యేసరికి అక్కడ ధరలు పడిపోయాయి, 2023 ఏప్రిల్‌లో పోలండ్ దిగుమతి ఆపేసింది, ఆ తర్వాత రైతులు ట్రాక్టర్లతో సరిహద్దుల్లో కూర్చున్నారు. ఉక్రెయిన్‌తో చర్చలు 2024 జూన్‌లో లాంఛనంగా మొదలయ్యాయి. ఎన్నేళ్లు పడుతుందో గానీ, సైన్యం గురించి జరిగే గొడవ కన్నా గోధుమ గురించి జరిగే గొడవే పెద్దదవుతుందని నా అంచనా.

స్విట్జర్లాండ్ ఈయూలో ఉందని మా ఫ్రెండ్, లేదని నేను, పందెం కాశాం. ఓడినవాడు ఆర్కే బీచ్‌లో నలుగురికి మురీ మిక్చర్ కొనాలి. మీరే తేల్చాలి.
— ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

లేదు బాబూ, మీరే గెలిచారు. ఈయూతో దగ్గరి ఒప్పందం ఒకటి పెట్టుకుందామంటేనే 1992 డిసెంబరులో వాళ్ల జనం ఓటేసి వద్దన్నారు. నార్వే కూడా లేదు, 1972లోనూ 1994లోనూ రెండుసార్లు వద్దంది. కాకపోతే మీ ఫ్రెండు మరీ తప్పేం కాదు, ఇద్దరూ ఈయూ మార్కెట్లో అమ్ముకుంటారు, సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ చూడని షెంగెన్‌లో ఉన్నారు, తూర్పు దేశాల అభివృద్ధికి డబ్బు కడతారు, రూల్స్ చాలావరకు పాటిస్తారు, ఆ రూల్స్ రాసేచోట మాత్రం ఓటు లేదు. కాబట్టి మిక్చర్ డబ్బు అతనే కట్టాలి, నిమ్మకాయ ఎంత పిండాలన్నది మాత్రం అతని ఇష్టానికి వదలకండి.